తలకు దెబ్బ తగిలిన మాజీ సైనికుడికి ఆక్సిజన్ ఛాంబర్ వైద్యం పనిచేస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా ఆర్మీలో పనిచేశాడు. పేలుడులో తలకు దెబ్బ తగలడంతో బయటికి వచ్చేసి టెక్సస్‌లో ఉంటున్నాడు. తలనొప్పి, నిద్రలేమి, చిన్న శబ్దానికే ఉలిక్కిపడటం తగ్గలేదు. రాష్ట్ర ప్రభుత్వ ఖర్చుతో ఆక్సిజన్ ఛాంబర్ వైద్యం చేస్తారట. చేయించుకోమంటారా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ అబ్బాయి విన్నది నిజమే. పీటీఎస్‌డీ (భయానక అనుభవం తర్వాత మనసును వదలని ఆందోళన), తల గాయాలున్న మాజీ సైనికులకు హైపర్‌బారిక్ ఆక్సిజన్ (ఒత్తిడి పెంచిన ఛాంబర్‌లో ఆక్సిజన్ పీల్పించే వైద్యం) ఇప్పించేందుకు టెక్సస్ 2017లో చట్టం చేసింది. డాక్టర్ రాసివ్వాలి, చికిత్స ప్రణాళికకు రాష్ట్రం ముందే ఒప్పుకోవాలి, నిధులూ ఉండాలి. ఆమోదం కాగితం మీద చేతికి రాకుండా మొదలుపెట్టొద్దని చెప్పండి.

అయితే ప్రభుత్వం డబ్బిస్తోందంటే వైద్యం రుజువైందని కాదు. ఈ రెండు సమస్యలకూ అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని ఆమోదించలేదు. 2015లో వెలువడిన సైనికుల అధ్యయనంలో కొందరికి 1.5 అట్మాస్ఫియర్ల ఒత్తిడిలో (మామూలు గాలి ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు) గంటసేపు చొప్పున 40 సార్లు ఆక్సిజన్ ఇచ్చారు. ఇంకొందరిని 1.2 అట్మాస్ఫియర్ల దగ్గర మామూలు గాలిలోనే కూర్చోబెట్టారు. రెండు జట్లకూ కొంత మెరుగైంది, వాటి మధ్య తేడా కనబడలేదు. రోజూ వెళ్లిరావడం, శ్రద్ధగా చూసేవాళ్లుండటం, నయమవుతుందన్న నమ్మకం కూడా మేలు చేసి ఉండొచ్చు. మరో అధ్యయనంలో 13 వారాలకు కనిపించిన మెరుగుదల ఏడాదికి నిలవలేదు.

అందుకే ముందు వీఏ (అమెరికా మాజీ సైనికుల శాఖ) ఆసుపత్రిలో ఇవి అడగమనండి: పీటీఎస్‌డీకి ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ లేదా కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ (రెండూ మాటల ద్వారా చేసే మానసిక చికిత్సలు), నిద్రకు సీబీటీ-ఐ (నిద్రలేమికి ఆలోచనలు, అలవాట్లు మార్చే చికిత్స), గురక ఉంటే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగడం) పరీక్ష, తల తిరుగుతుంటే వెస్టిబ్యులర్ (శరీర సమతుల్యతకు చేయించే) ఫిజియోథెరపీ. తలనొప్పి మాత్రలు రోజూ వేసుకుంటే ఆ మాత్రల వల్లే నొప్పి ముదరొచ్చు, అదీ చూపించుకోవాలి. ఆక్యుపంక్చర్, యోగా, ధ్యానం, మసాజ్ కూడా వైద్య అవసరాన్ని బట్టి వీఏ ఇస్తుంది. బయటి క్లినిక్‌కి వెళ్లేముందు వీఏ అనుమతి లేకపోతే బిల్లు చేతి నుంచే కట్టుకోవాల్సి రావచ్చు.

అయినా ఛాంబర్‌కే వెళతానంటే, ముందు ఊపిరితిత్తులు చూపించుకోవాలి. చికిత్స చేయని న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) ఉంటే ప్రాణాపాయం. ఫిట్స్ చరిత్ర ఉంటే తప్పక చెప్పాలి, ఆక్సిజన్ ఎక్కువైతే అరుదుగా ఫిట్స్ వస్తాయి. జలుబు, ముక్కు దిబ్బడ ఉన్నరోజు వాయిదా వేయాలి, లేదంటే కర్ణభేరి దెబ్బతినొచ్చు. ఒత్తిడి పెరుగుతున్నప్పుడు మింగుతూ, నోరు, ముక్కు మూసి మెల్లగా ముక్కులోకి గాలి ఊదాలి. చెవి పోటెత్తితే వెంటనే ఆపమనాలి.

అన్నిటికన్నా భయం నిప్పు, ఆక్సిజన్ ఎక్కువున్నచోట ఇట్టే అంటుకుంటుంది. తలకు కొబ్బరినూనె, పెదాలకు వాసలిన్, ఫోను, లైటరు, సింథటిక్ బట్టలు లోపలికి పనికిరావు, కాటన్ బట్టలే వేసుకోవాలి. 2025 జనవరిలో మిషిగాన్‌లో ఛాంబర్‌కు నిప్పంటుకుని ఐదేళ్ల పిల్లాడు చనిపోయాడు. యూహెచ్‌ఎంఎస్ (హైపర్‌బారిక్ వైద్య నిపుణుల సంఘం) గుర్తింపున్న కేంద్రానికే వెళ్లాలి. ఇంట్లో పెట్టుకునే మెత్తటి సంచి ఛాంబర్లు కొననివ్వకండి.

బతకాలని లేదన్న మాట అతని నోట వస్తే ఇవేవీ ఆలోచించకుండా అక్కడినుంచి 988కి ఫోన్ చేసి 1 నొక్కమనండి. మాజీ సైనికుల సహాయ కేంద్రం అది, పగలూ రాత్రీ పలుకుతుంది.