మైక్రోసాఫ్ట్‌లో ఉద్యోగులకు ర్యాంకులిచ్చే పద్ధతిని తీసేసింది సత్య నాదెళ్లేనా?

కాదు, ‘స్టాక్ ర్యాంకింగ్’ అనే ఆ పద్ధతిని 2013 నవంబరులో, స్టీవ్ బాల్మర్ సీఈఓగా ఉండగానే కంపెనీ ఎత్తేసింది. నాదెళ్ల ఆ కుర్చీలోకి వచ్చింది 2014 ఫిబ్రవరి 4న.

తీసేయడానికి కారణం ఆ లెక్కలోనే ఉంది. ఇంతమందికి మంచి రేటింగ్, ఇంతమందికి తక్కువ రేటింగ్ అని కోటా ముందే ఖాయం. ఎవరు ఎలా పనిచేశారన్నది ఆ తర్వాతి మాట. ఉదాహరణకు, పదిమంది ఉన్న టీములో పదిమందీ బాగా చేశారనుకోండి. అయినా మేనేజరు ఎవరో ఒకరి పేరు అడుగున రాయాల్సిందే. బోనస్, ప్రమోషన్ దెబ్బతినేది ఆ మనిషికే. అలాంటి చోట పక్క సీటులో వాళ్ల కోడ్‌లో తప్పు కనిపిస్తే పిలిచి చెప్పాలని ఎవరికనిపిస్తుంది? పనిలో గట్టివాళ్లు సైతం తమలాంటి గట్టివాళ్లున్న టీములోకి వెళ్లడానికి జంకేవారు. ఇది మనుషుల తప్పు కాదు, పద్ధతి చేసిన పని.

రెండు మార్పులూ మూడు నెలల తేడాతో రావడం వల్లే చాలామంది దీన్ని నాదెళ్ల ఖాతాలో వేస్తారు. మన హైదరాబాద్ మనిషి అన్న అభిమానం కూడా తోడవుతుంది. ‘గ్రోత్ మైండ్‌సెట్’ అంటూ నేర్చుకునే వాతావరణం కోసం ఆయన పట్టుబట్టిన మాట నిజం, ఆ పేరు ఆయనకు దక్కాల్సిందే. అయితే కల్చర్ మారిందంటే ఉద్యోగానికి భరోసా వచ్చినట్టు కాదు. 2014 జులైలో 18,000 వరకు ఉద్యోగాలు తీసేస్తామని ప్రకటించింది ఆయనే. వాటిలో ఎక్కువ భాగం అప్పుడే కొన్న నోకియా ఫోన్ల విభాగానివి.