గోలకొండ పత్రిక, సురవరం ప్రతాపరెడ్డి

ప్రశ్న: సురవరం ప్రతాపరెడ్డి గారిని మేము చరిత్ర రచయితగానే చదువుకున్నాము. సంపాదకుడిగా ఆయన చేసిన సమాజసేవ ఎటువంటిదో తెలియజేయగలరా?
– ఒక పాఠకురాలు, గద్వాల

జవాబు: అమ్మా, మీ ప్రాంతంలోని ఇటిక్యాలపాడులోనే 1896లో ఆయన జన్మించారు. న్యాయశాస్త్రం చదివినా, ఆయన జీవితానికి అసలైన వేదిక 1926 మే 10న హైదరాబాదులో ప్రారంభమైన గోలకొండ పత్రికే. ఉర్దూ రాజభాషగా ఉండి, సభ జరుపుకోవడానికి కూడా సర్కారు అనుమతి కావలసిన నిజాం పాలనలో, వారానికి రెండుసార్లు వెలువడిన ఆ తెలుగు పత్రిక ప్రజలకు గొంతునిచ్చింది.

తెలంగాణలో కవులు పూజ్యమన్న, అంటే అసలు లేరన్న మాట వినవచ్చినప్పుడు ఆయన వాదానికి దిగలేదు. పత్రిక ద్వారా ఊరూరి నుంచి పద్యాలు రప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను అచ్చువేసి చూపించారు. ఒక పత్రిక తన పాఠకుల ఆత్మగౌరవాన్ని ఇంతకన్నా గొప్పగా నిలబెట్టిన సందర్భం మన భాషలో అరుదని నా నమ్మకం.

రాతతోనే ఆయన సరిపెట్టుకోలేదు. గ్రంథాలయోద్యమంలో పనిచేశారు, రెడ్డి హాస్టల్ బాధ్యతలు మోసి, అక్కడి విద్యార్థులకు చదువుపై, పుస్తకాలపై ఆసక్తి కలిగించారు, 1930లో జోగిపేటలో జరిగిన ప్రథమ నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైన ఆయన, మరుసటి ఏడాది ఆగస్టు 25న కన్నుమూశారు. చరిత్ర రచయితగా ఆయన రాసిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.