చెన్నైలో పుట్టిన తెలుగువాడికి జాతి అభిమానం అంటే ఏమిటి?

"నల్లజాతివాళ్ళు తమ జాతిని చూసి గర్వపడితే మెచ్చుకుంటాం, తమిళుల భాషాభిమానాన్నీ మెచ్చుకుంటాం. మరి తెలుగువాళ్ళకి ఆ గర్వం ఎందుకు లేదు? అసలు జాతి గర్వం మంచిదేనా?" అని అడిగారు. మాది చెన్నైలో పాత వణ్ణారపేట. ఇంట్లో మాత్రం చాకలిపేట అనే అంటాం. మూడు తరాల కిందట నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. నేను చూసిన దాన్ని బట్టి చెప్తాను.

ముందు మాట సంగతి చూడండి. తెలుగులో గర్వం అనేది దాదాపు తిట్టు. "వాడికి గర్వం" అని ఎవరైనా అంటే మీరు సంతోషిస్తారా? మెచ్చుకోవాలంటే ఆత్మగౌరవం అంటాం, అభిమానం అంటాం. 1925లో తమిళనాడులో పెరియార్ మొదలుపెట్టిన ఉద్యమం పేరు సుయమరియాదై, అంటే ఆత్మగౌరవమే. 1982లో ఎన్టీఆర్ పార్టీ పెట్టినప్పుడు ఎత్తుకున్న మాటా అదే. తర్వాత తెలంగాణ ఉద్యమంలో ఊరూరా వినపడిందీ అదే. మూడింటి వెనకా ఒక అవమానం ఉంది. గుడి వీధుల్లో కొన్ని కులాలను నడవనివ్వకపోవడం, బేగంపేట విమానాశ్రయంలో ముఖ్యమంత్రి అంజయ్యను రాజీవ్ గాంధీ అందరి ముందూ గద్దించడం, సినిమాల్లో తెలంగాణ యాసను రౌడీలకీ కమెడియన్లకీ అంటగట్టడం. అవమానానికి జవాబుగా వచ్చినంతవరకు నాకు ఏ గర్వంతోనూ పేచీ లేదు.

నల్లవాళ్ళ సంగతి నాకు అర్థమైంది మా ఇంటిపేరు వల్ల. తమిళనాడులో బడిలో చేర్చేటప్పుడు తండ్రి పేరులో మొదటి అక్షరం ఇనీషియల్‌గా రాస్తారు, అంతే. మా ఇంటిపేరు నా సర్టిఫికెట్లలో, ఆధార్‌లో ఎక్కడా లేదు. ఇంట్లో పెళ్ళయితే శుభలేఖ మీద కనిపిస్తుంది, మళ్ళీ మాయం. అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ పేరులో ఆ ఎక్స్ దేనికో చదివిన రోజున ఇది గుర్తొచ్చింది. ఆఫ్రికాలో తన పూర్వీకుల పేరేమిటో తెలియదు కనక, బానిసల యజమాని అంటించిన పేరు తీసేసి, ఆ ఖాళీలో ఎక్స్ పెట్టుకున్నాడు. మాది గుమస్తా అలవాటు, వాళ్ళది దోపిడీ. రెండూ ఒకటనడం లేదు. కానీ ఊరు, భాష, ఇంటిపేరు అన్నీ లాగేసుకున్నాక మిగిలింది ఒంటి రంగు ఒక్కటే అయితే, దాన్నే పేరుగా పెట్టుకోవడంలో వింతేముంది? అమెరికాలో ఐరిష్‌వాళ్ళకీ ఇటాలియన్లకీ చెప్పుకోవడానికి ఊళ్ళున్నాయి, వంటలున్నాయి, పండగలున్నాయి. "తెల్లజాతి గర్వం" అన్నప్పుడు వాటిలో ఒక్కటీ కనిపించదు, "మీకంటే మేమే పైన" అన్న మాట తప్ప.

ఇంకో సంగతి. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో అమెరికా నల్లజాతి పరుగు వీరులు టామీ స్మిత్, జాన్ కార్లోస్ పిడికిలి ఎత్తిన ఫొటో మీరు చూసే ఉంటారు. అందులో రెండో స్థానంలో నిలబడ్డ తెల్లవాడు, ఆస్ట్రేలియా పరుగు వీరుడు పీటర్ నార్మన్, వాళ్ళు పెట్టుకున్న మానవ హక్కుల బ్యాడ్జే తనూ పెట్టుకున్నాడు. 2006లో ఆయన పోతే ఆ ఇద్దరూ వెళ్ళి శవపేటిక మోశారు.

మరి మా ఊళ్ళో? టీనగర్ అంటే త్యాగరాయ నగర్. ఆ పిట్టి త్యాగరాయ చెట్టి ఇంటి భాష తెలుగు. 1916లో బ్రాహ్మణేతరుల కోసం జస్టిస్ పార్టీ పెట్టినవాళ్ళలో ఆయనొకరు. టీనగర్ మధ్యలో ఉన్న పానగల్ పార్కు ఎవరి పేరు? పానగల్ రాజావారు, ఆయనా తెలుగే. పెరియార్ ఇంటి భాష కన్నడం. ఇంకా వెనక్కి వెళ్తే, 1816లో మద్రాసు కలెక్టరు ఎల్లిస్ దక్షిణాది భాషలు సంస్కృతం నుంచి పుట్టలేదని, వాటిది వేరే కుటుంబమని వాదించాడు. ద్రావిడ భాషల మీద కాల్డ్‌వెల్ రాసిన పేరున్న పుస్తకం కంటే 40 ఏళ్ళ ముందు మాట. అది రాసింది ఎక్కడనుకున్నారు? క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ముందుమాటలో. ఇంతా అయ్యాక ఇప్పుడు కొందరు నాయకులు వంశవృక్షాలు తవ్వి ఫలానావాడు వడుగన్, అంటే తెలుగువాడు, వందేరి, అంటే వలస వచ్చినవాడు, అని లెక్క తేలుస్తున్నారు. అభిమానం రక్తం లెక్కల్లో పడ్డ చోట నేను పక్కకి తప్పుకుంటాను.

చిన్నప్పుడు బడిలో నన్ను గొల్టి అనేవారు. తెలుగు అనే మాటని తిరగేస్తే వచ్చిందంటారు. ఏడుపొచ్చేది. అలా పిలిచే పిల్లాడు వాళ్ళ నాన్నని మాత్రం "నైనా" అనేవాడు. అది మన నాయనే అని వాడికి తెలియదు, అప్పటికి నాకూ తెలియదు. మేమేం తక్కువ తినలేదు లెండి, ఇంట్లో వాళ్ళని "అరవోళ్ళు" అనకుండా రోజు గడిచేది కాదు.

నిజంగా గుచ్చుకుంది వేరే చోట. పదేళ్ళ కిందట ఇక్కడే ఒక తెలుగు సంఘం ఉగాది సభకి అమ్మని తీసుకెళ్ళాను. వేదిక మీద ఒకాయన గంటసేపు తెలుగు జాతి, తెలుగు జాతి అని గొంతు చించుకున్నాడు. తర్వాత భోజనాల దగ్గర అమ్మ "ఇంకొంచెం పులుసు ఉండాదా నాయనా?" అని అడిగింది. పక్కన పట్టుచీర కట్టుకున్నావిడ నవ్వి, "మీది అరవం కలిసిన తెలుగండీ" అంది. ఉండాది అనేది నెల్లూరు, చిత్తూరుల్లో ఇప్పటికీ అనే మాటే. అమ్మ ఏమీ అనలేదు. పాయసం రాకముందే ఆకు మడిచేసింది. గొల్టి అన్నవాడి మీద నాకిప్పుడు కోపం లేదు, ఆ సభకి మాత్రం మళ్ళీ వెళ్ళలేదు.

తెలుగువాళ్ళకి అభిమానం లేదంటారా, నాకలా అనిపించదు. 58 రోజులు నిరాహారదీక్ష చేసి పొట్టి శ్రీరాములు ప్రాణం వదిలింది ఈ ఊళ్ళోనే, మైలాపూరులో. అయినా అమ్మ తెలుగు అభిమానం గురించి ఒక్క మాటైనా మాట్లాడగా నేను వినలేదు. రోజూ తెలుగులో మాట్లాడుతుంది, తెలుగులో తిడుతుంది.

మా అమ్మాయి ఆరో క్లాసు. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు, నన్ను పిలిచేది "అప్పా" అని. తెలుగు అక్షరాలు నేనే నేర్పుతున్నాను. మొన్న వేసవిలో అమ్మతో కలిసి ముగ్గురం మాధవరం బస్టాండులో నిలబడితే, బస్సు బోర్డు కూడబలుక్కుని చదివింది, "నె... ల్లూ... రు".

"అప్పా, నెల్ అంటే వడ్లు, ఊర్ అంటే ఊరు. ఇది తమిళ పేరు కదా?"

పుట్టిందీ పెరిగిందీ మద్రాసులోనే అయినా, "మాది నెల్లూరు, మేం అరవోళ్ళం కాదు" అని జీవితమంతా చెప్పుకున్న మనిషి మా అమ్మ. ఒక్క క్షణం బోర్డు వైపు చూసింది.

"ఊరు మనదేలేవే. ఎక్కు ముందు, సీట్లు అయిపోతాయి" అంది.