కష్టకాలంలో క్రైస్తవ విశ్వాసంలో నిలకడగా ఉండడం ఎలా?

వరుస కష్టాలలో ప్రార్థన రావడం లేదనీ, తన విశ్వాసం తగ్గిపోయిందేమోననీ పర్లాకిమిడి నుంచి ఒకరు అడిగారు. తగ్గిపోలేదనే నా దృఢాభిప్రాయం. 88వ కీర్తన ఆద్యంతం మొరగా సాగి, ఓదార్పు మాట లేకుండా చీకటి ప్రస్తావనతోనే ముగుస్తుంది. అయినా అది ప్రార్థనగానే బైబిలులో నిలిచింది కనుక, దుఃఖాన్ని దాచకుండా దేవుని ఎదుట చెప్పుకోవడం కూడా విశ్వాసమే. మాటలు రానినాడు ఆ కీర్తననే నెమ్మదిగా పైకి చదవండి.

బైబిలులో తీవ్ర కష్టాలు అనుభవించిన భక్తుడు యోబు. అతని స్నేహితులు మొదటి ఏడు రోజులు అతనితో నేలపై మౌనంగా కూర్చున్నారు. అతని పాపమే అతని బాధకు కారణమని వాదించినప్పుడే తప్పు చేశారు. 2018లో తిత్లీ తుపానుకు ఒడిశాలోని గజపతి జిల్లాలో నష్టపోయిన కుటుంబాలకైనా, ఇంట రోగి ఉన్నవారికైనా సంఘం మొదట చేయవలసినది అలా పక్కన కూర్చోవడమే. ఆదివారపు ఆరాధనను మాత్రం మానకండి. పాడలేకపోతే, తోటివారు పాడుతుండగా వినండి.