సీనియర్ సిటిజన్ స్కీమ్ డబ్బు తీసి యూరప్ వెళ్లొచ్చా?

ప్రశ్న: టీచరుగా రిటైరయ్యాను. మాది రాజమండ్రి. నాకు 63 ఏళ్లు, మా ఆవిడకు 60. ఇటలీ, క్రొయేషియా, గ్రీస్, స్పెయిన్ కలిపి 20 రోజుల టూర్‌కు ట్రావెల్స్ వాళ్లు ఇద్దరికీ 11 లక్షలు చెప్పారు. 14 నెలల కిందట పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో 30 లక్షలు వేశాను. బ్యాంకులో 7 లక్షల ఎఫ్‌డీ ఉంది. ఇంటి ఖర్చుకు పింఛను సరిపోతోంది. స్కీమ్ డబ్బు తీసి వచ్చే సెప్టెంబరులో వెళ్లిరావచ్చా?

జవాబు: తప్పకుండా వెళ్లిరండి మాస్టారూ. మోకాళ్లు మాట వింటున్నప్పుడే చూడాల్సిన ఊళ్లవి. స్కీమ్ జోలికి మాత్రం వెళ్లకండి. ఆ ఖాతాలోంచి కావాల్సినంత తీసుకుని మిగతాది ఉంచుకునే వీల్లేదు, మూస్తే మొత్తం మూయాల్సిందే. ఏడాది దాటి రెండేళ్లలోపు మూస్తే అసలులో ఒకటిన్నర శాతం కోసేస్తారు. అంటే 45 వేలు. మీకు కావాల్సింది 11 లక్షలు, కోత పడేది 30 లక్షల మీద!

ఆ ఖాతా 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 61,500 ఇస్తోంది. అక్టోబరు నుంచి జులై దాకా నాలుగు విడతలు ముట్టుకోకుండా పక్కన పెడితే 2.46 లక్షలు. టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) పోయినా 2.2 లక్షలు మిగులుతాయి. ఎఫ్‌డీలోంచి 4 లక్షలు కలపండి. మిగతా 3 లక్షలు ఆసుపత్రి అవసరాలకని అలాగే ఉండనివ్వండి. మీ చేతిలో ఉన్న యాత్ర బడ్జెట్ 6.2 లక్షలు.

ఇందులో నాలుగు దేశాలు పట్టవు, పట్టించనూ వద్దు. ఊరు మారిన ప్రతిసారీ ఒక పూట, ఒక టికెట్ పోతాయి. ఇటలీలో 9 రాత్రులు, గ్రీస్‌లో 6 చాలు. రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ చూసుకుని ఏథెన్స్‌కు విమానం, అక్కడి పిరేయస్ రేవు నుంచి శాంటొరీని దీవికి ఓడ. క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ వదులుకోవడం నాకూ కష్టంగానే ఉంది. 2023 జనవరి నుంచి క్రొయేషియాలోనూ షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా), యూరోలే కాబట్టి కాగితాల ఇబ్బంది లేదు, ఇబ్బందల్లా రోజులతోనే.

యూరో 105 రూపాయలనుకుని నేను వేసిన లెక్క ఇది. హైదరాబాద్ నుంచి రోమ్‌కు వెళ్లి, ఏథెన్స్ నుంచి వచ్చేలా టికెట్లు ఇద్దరికీ లక్షన్నర. మళ్లీ రోమ్‌కు వెనక్కి రావాల్సిన పని ఉండదు. 15 రాత్రుల గదులకు 1.65 లక్షలు, లోపలి ప్రయాణాలకు 60 వేలు, తిండికి 85 వేలు, కొలోసియం, అక్రోపోలిస్ లాంటి ప్రవేశ టికెట్లకు, సిటీ బస్సులకు 50 వేలు, వీసా, బీమాలకు 35 వేలు. 5.45 లక్షలయింది. మిగిలిన 75 వేలు యూరో పెరిగితే ఆసరా. రోమ్‌లో కాఫీ కౌంటరు దగ్గర నిలబడి తాగితే ఒక ధర, కుర్చీలో కూర్చుంటే ఇంకో ధర. రోజుకు రెండుసార్లు తాగే అలవాటున్న మనవాళ్లకు ఇదేం చిన్న లెక్క కాదు.

కార్డు సంగతి చూసుకోండి. విదేశీ వాడకంపై 3.5 శాతం మార్కప్ (బ్యాంకు వేసే అదనపు రుసుము), దానిమీద జీఎస్టీ కలిపి 4.13 శాతం గుంజే కార్డులు చాలా ఉన్నాయి. 2 లక్షలు గీకితే 8,260 గాలికి పోయినట్టే. మార్కప్ లేని కార్డో, ముందే యూరోలు నింపుకునే ఫారెక్స్ కార్డో తీసుకోండి. అక్కడ మిషన్ ‘రూపాయల్లోనా, యూరోల్లోనా’ అనడిగితే యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్లిష్టమొచ్చిన రేటు వేస్తారు.

ట్రావెల్స్ వాళ్ల ప్యాకేజీకే మొగ్గితే దానిపై వాళ్లు ముందే వసూలు చేసే టీసీఎస్ అనే పన్ను ఖర్చు కాదు, రిటర్ను వేసినప్పుడు సర్దుబాటవుతుంది.

వీసాకు ఎక్కువ రోజులుండేది ఇటలీలో కాబట్టి అక్కడికే దరఖాస్తు చేయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, ఒక్కొక్కరికి 90 యూరోలు. పెద్ద మొత్తం ఒక్కసారిగా ఖాతాలో వచ్చిపడితే అనుమానిస్తారు. అందుకే ఎఫ్‌డీ డబ్బును నాలుగైదు నెలల ముందే సేవింగ్స్‌లోకి మార్చుకోండి.

బీమా కనీసం 30 వేల యూరోలకు ఉండాలి. బీపీ, షుగర్ ఉంటే ప్రీమియం పెరుగుతుందని దాచకండి. క్లెయిమ్ వేసిన రోజున బీమా వాళ్లు మొదట తిరగేసేది మీరు నింపిన ఫారాన్నే.