అరవై వేల సర్టిఫికెట్ కొనేముందు బిడ్డతో కూర్చోండి

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. పత్తి, మిర్చి పండిస్తాం. మా బిడ్డ బైపీసీ అయినంక రెండుసార్లు నీట్ రాసింది, సీటు రాలేదు. ఇప్పుడు హనుమకొండలో బీఎస్సీ బయోటెక్నాలజీ ఆఖరి ఏడాది. హైదరాబాద్‌లో ఒక శిక్షణ సంస్థవాళ్లు 45 రోజుల్లో పీసీఆర్, క్రిస్పర్, బయోఇన్ఫర్మాటిక్స్ అన్నీ నేర్పుతం, 60,000 కట్టుమంటున్నరు. అది చేయించాల్నా, ఎమ్మెస్సీకి పంపాల్నా, డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చేయించాల్నా? మూడింటినీ పోల్చి చెప్పండి. ఇన్నేళ్లు దండగ అయినయని చుట్టాలంతా అంటున్నరు.

జవాబు: అన్నా, మీ ఆఖరి వాక్యం నుంచే మొదలుపెడతాను. ఇలాంటి ఉత్తరాలు నాకు ప్రతి సీజన్‌లో వస్తాయి. కోర్సుల పేర్లు మారుతుంటాయి గానీ ఆ చివరి మాట మారదు. ఏళ్లు దండగ అయ్యాయో లేదో తేల్చాల్సింది చుట్టాలు కాదు. ఈ రాత్రి అన్నాలు తిన్నాక బిడ్డను కూర్చోబెట్టుకుని మూడు సంగతులు అడగండి. 100 మైక్రోలీటర్ల నీళ్లు ఎంత బరువుంటాయి? పది రెట్లు చిక్కగా ఉన్న బఫర్ (ల్యాబ్‌లో ఆమ్ల, క్షార గుణం మారకుండా నిలిపే ద్రావణం) నుంచి వాడుకునే బఫర్ అర లీటరు చేయాలంటే దేన్ని ఎంత కలపాలి? కరెంటు పెట్టిన జెల్‌లో, అంటే డీఎన్‌ఏ ముక్కలను వేరుచేసి చూసే జెల్లీ పలకలో, డీఎన్‌ఏ ఏ వైపుకు పోతుంది, ఎందుకు? నీళ్లు 100 మిల్లీగ్రాములు, బఫర్ 50 మిల్లీలీటర్లకు నీళ్లు 450, డీఎన్‌ఏకు ఫాస్ఫేట్ల వల్ల రుణావేశం ఉంటుంది కాబట్టి ధనధ్రువం వైపు అని పుస్తకం తెరవకుండా చెప్పిందంటే మీ డబ్బు ఎక్కడికీ పోలేదు. తడబడితే కూడా కంగారు పడకండి. ఆఖరి ఏడాది పిల్లల్లో చాలామంది బఫర్ లెక్క దగ్గరే ఆగిపోతారు. వారం రోజులు కాగితం మీద లెక్కలు చేస్తే వచ్చేస్తుంది. దానికి అరవై వేలు అక్కర్లేదు.

ఇక ఆ 45 రోజుల కోర్సు. దాని మీద నాకు గట్టి అనుమానమే ఉంది.

క్రిస్పర్, అంటే జన్యువును అనుకున్న చోట కోసి మార్చే పద్ధతి, గొప్ప సంగతే. 2012లో ఆ పద్ధతిని బయటపెట్టిన ఇద్దరు మహిళలు, షార్పెంటియే, డౌడ్నా, 2020లో నోబెల్ అందుకున్నారు. అందుకే ఆ పేరు కరపత్రం మీద వేస్తే ఫీజులు వస్తున్నాయి. నిజంగా మనిషి కణాల్లో ఒక జన్యువును మార్చాలంటే ముందు ఆ కణాలను బతికించుకోవాలి. 37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్, రెండు మూడు రోజులకోసారి కొత్త పోషక ద్రవం. ఆదివారమైనా పండుగైనా పోయి చూసుకోవాలి. ఒక్కసారి బూజు సోకితే డిష్ మొత్తం పారేయాల్సిందే. ఆ తర్వాత మార్పు జరిగిందా లేదా సీక్వెన్సింగ్ చేసి, అంటే డీఎన్‌ఏ అక్షరాల వరస చదివి, చూడాలి. దీనికి నెలలు పడుతుంది. నెలన్నరలో పీసీఆర్‌తో, కంప్యూటర్‌తో కలిపి ఇదంతా నేర్పుతామంటే, ఆ నేర్పేది తెర మీద బొమ్మలతోనే.

డీఎన్‌ఏ ముక్కకు కాపీలు తీసే పీసీఆర్ సంగతే తీసుకోండి. ట్యూబును 95 డిగ్రీలకు వేడిచేస్తే డీఎన్‌ఏ పోగులు రెండూ విడిపోతాయి. 55 దగ్గర ప్రైమర్లు, అంటే కాపీ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్‌ఏ ముక్కలు, అతుక్కుంటాయి, 72 దగ్గర కొత్త పోగు తయారవుతుంది. ఇలా 30 సార్లు తిరిగితే, అన్నీ సరిగా కుదిరినప్పుడు, ఒక్క ముక్క 107 కోట్ల కాపీలు దాటుతుంది. మిషన్ మీట నొక్కడం అరగంటలో వస్తుంది. కష్టం ఎక్కడంటే, పొరపాటున పడిన పరాయి డీఎన్‌ఏ కూడా అదే లెక్కన పెరుగుతుంది. అందుకే ప్రతిసారీ డీఎన్‌ఏ వేయకుండా నీళ్లు మాత్రమే వేసిన ట్యూబు ఒకటి పక్కన పెడతారు. తర్వాత జెల్‌లో చూసినప్పుడు ఆ ట్యూబుకు డీఎన్‌ఏ గీత కనబడిందంటే ఆ రోజు ఫలితాలన్నీ చెత్తబుట్టకే.

ఉత్తరాలకు జవాబులు రాసే ఈ పనిలోకి రాకముందు నేను ల్యాబ్‌లో ఉన్నప్పుడు నా నీళ్ల ట్యూబులో వరసగా మూడు వారాలు గీత వచ్చింది. ఎంజైమ్ మార్చాను, ప్రైమర్లు మార్చాను, పిపెట్లన్నీ తుడిచాను. చివరికి చూస్తే తప్పు నీళ్ల సీసాది. డీఎన్‌ఏ శాంపిళ్లు తెరిచే బల్ల మీదే నేను దాన్నీ తెరుస్తూ వచ్చాను. ఒక్కొక్కటే మార్చి చూడటం, చేసింది చేసినట్టు ఏ రోజుకారోజు నోట్‌బుక్‌లో రాయడం నాకు ఆ మూడు వారాల్లోనే వచ్చింది. రెండేళ్ల క్లాసుల్లో రాలేదు. ఆ సంస్థను మీరు ఒకటే అడగండి: మా బిడ్డ తన చేత్తో ఎన్ని ట్యూబులు కలుపుతుంది, ఫలితం రాకపోతే మళ్లీ చేయనిస్తారా? సూటిగా జవాబు రాకపోతే రూపాయి కూడా కట్టకండి.

ఒక మాట కటువుగా అంటాను, ఏమనుకోకండి. మీరు పత్తి విత్తనం కొనేటప్పుడు లాట్ నంబరు చూస్తారు, బిల్లు అడుగుతారు, పోయినేడు పక్క చేను ఎట్లా కాసిందో కనుక్కుంటారు. బిడ్డ చదువు దగ్గరికొచ్చేసరికి కరపత్రం ఒక్కటి చాలిందా? ఇంత ఉత్తరం రాశారు, బిడ్డకు ఏది ఇష్టమో ఒక్క ముక్క లేదు. డాక్టర్ సీటు రాలేదన్న బాధ మీది. దాన్ని రోజూ ఆ పిల్ల నెత్తిన పెడుతున్నారు. మీ చేనులో ఉన్న బీటీ పత్తి ఆమె చదువుతున్న చదువులోంచి వచ్చిందే. మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియా జన్యువును పత్తిలో పెట్టారు, మన దేశంలో 2002లో అనుమతిచ్చారు. జమ్మికుంట, హుజూరాబాద్ వైపు రైతులు పండించే హైబ్రిడ్ వరి విత్తనం కల్తీదా కాదా అని పొలంలో పెంచి చూడాలంటే ఒక పంటకాలం పోతుంది. ఆకు ముక్క నుంచి డీఎన్‌ఏ తీసి పీసీఆర్‌లో చూస్తే కొద్ది రోజుల్లో తేలిపోతుంది. ఈ పని తెలిసిన చేతులు మన జిల్లాలకే కావాలి.

పోల్చమన్నారు కదా. ఇంట్లో వెంటనే ఒక జీతం రావాల్సిన అవసరం ఉండి, రక్త పరీక్షల పని ఆమెకు నచ్చితే డీఎంఎల్‌టీ మంచిదే. కాలేజీకి పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉందో లేదో చూసుకుని చేర్చండి. అంత తొందర లేకపోతే నా ఓటు ఎమ్మెస్సీకే. సీపీగెట్, గాట్-బి, జామ్ అనే ప్రవేశ పరీక్షల గురించి ఆమెకు మీకన్నా బాగా తెలుసు. గాట్-బి ద్వారా వచ్చే సీట్లలో చాలావాటికి నెలనెలా స్టైపెండ్ ఉంటుందన్నది మాత్రం మీరు గుర్తుపెట్టుకోండి. ఎమ్మెస్సీ అవగానే హైదరాబాద్ దగ్గర మందుల, బయోటెక్ కంపెనీలుండే జీనోమ్ వ్యాలీలో పెద్ద జీతం వస్తుందని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. మొదట్లో జీతాలు తక్కువే ఉంటాయి. పరిశోధన వైపు పోయి నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసే విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే 2023 నుంచి నెలకు 37,000 ఫెలోషిప్ ఉంది. ఎక్కడ చేరినా ఆఖరి సెమిస్టర్ మొత్తం ల్యాబ్‌లో ప్రాజెక్టు చేయించే చోటే చేరాలి. ఆ అరవై వేలు ఆమె హాస్టల్‌కు దాచండి.

ఈ సెలవుల్లో కాకతీయ యూనివర్సిటీ బయోటెక్నాలజీ విభాగానికి పోయి, ట్యూబులు కడిగే పని ఇచ్చినా సరే చేస్తానని అడగమనండి. ఇంట్లో కూడా ఒకరోజు అరటిపండు మెత్తగా పిసికి, ఉప్పునీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ కొంచెం కలిపి, వడగట్టి, బాగా చల్లబరచిన స్పిరిట్ అంచు వెంట మెల్లగా పోయమనండి. తెల్లటి పోగుల్లా తేలేది డీఎన్‌ఏ. పక్కన కూర్చుని చూడండి, అదేంటో ఆమెనే చెప్పమనండి. మళ్లీ ఉత్తరం రాయాల్సి వస్తే, ఈసారి బిడ్డనే రాయనివ్వండి.