అవతలి గట్టు నుంచి కనబడాలి

అమలాపురం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

టీషర్టుల మీద వేసి అమ్ముదామని నువ్వు ఫోనులో పంపిన ఏడు బొమ్మలూ మీ అత్తయ్యా నేనూ కూర్చుని చూశాం. నీకు చెయ్యి తిరిగింది, అందులో సందేహం లేదు. కానీ వాటిలో ఒక్కదాన్ని కూడా టీషర్టు మీద అచ్చు వెయ్యమని చెప్పలేను. అలగకుండా చివరిదాకా చదువు.

మొదటి బొమ్మే తీసుకో. గోదావరి మీద వంతెన, కింద పడవ, పడవలో పులస, గట్టున కొబ్బరిచెట్లు, చెట్ల కింద పళ్లెంలో పూతరేకులు, పైన 'మాది గోదావరి', అడుగున 'ఆయ్'. తల్లీ, ఒక్క చొక్కా మీదికి జిల్లా మొత్తాన్ని ఎక్కించావు!

నేను స్క్రీన్ ప్రింటింగులోకి, అంటే ఫ్రేముకు బిగించిన జాలీ గుడ్డలోంచి సిరా దింపి అచ్చు వేసే పనిలోకి రాకముందు ఇరవై ఏళ్లు దుకాణాల బోర్డులు రాశాను. బోర్డు పూర్తవగానే మా గురువుగారు నన్ను నిచ్చెన దింపి, కాలువ దాటించి, అవతలి గట్టు మీద నిలబెట్టేవారు. అక్కడి నుంచి చదవగలిగితేనే ఆ రోజు కూలి. నీ చొక్కాకూ అదే పరీక్ష. కొనేవాళ్లకు అది ముందుగా ఫోనులో బొటనవేలి గోరంత కనబడుతుంది. పక్కన ఇంకా ఎన్నో చొక్కాలు ఉంటాయి, వేలు వాటిని పైకి తోసేస్తూనే ఉంటుంది. కాబట్టి గీసిన బొమ్మను గోరంత చేసి, ఫోనును చాచిన చేతిలో పట్టుకుని చూడు. అది ఏమిటో వెంటనే తెలియలేదంటే సగం గీతలు తీసెయ్యి. ఇంకా తెలియకపోతే మిగతా సగంలో సగం తీసెయ్యి.

ఏం గియ్యాలని అడిగావు. పులస, పూతరేకులు అందరూ గీస్తున్నారు. నువ్వు నరసాపురంలో పంటు, అదే మనుషుల్నీ బళ్లనీ గోదావరి దాటించే పడవ ఎక్కి సఖినేటిపల్లి రేవులో ఎన్నిసార్లు దిగలేదు? ఆ పంటును పక్క నుంచి చూసినట్టు గియ్యి. నీటి మీద బల్లపరుపుగా ఒక మందపాటి గీత, దాని మీద ఒకదానికొకటి ఆనుకుని నాలుగు మోటారు సైకిళ్లు, చివరన గొడుగు పట్టుకున్న ఒక మనిషి. అంతే. ఆ వశిష్ఠ గోదావరి పాయ దాటిన ప్రతివాడూ దాన్ని గుర్తుపడతాడు. హైదరాబాదులో, బెంగళూరులో ఉద్యోగం చేసే మనవాడు ఆ చొక్కా చూసి వివరణ అడగడు, కొంటాడు. లాకులు, కొబ్బరిచెట్టెక్కి దింపు తీసే మనిషి కాళ్లకు వేసుకునే బంధం, ఇలాంటివి నీ చుట్టూ ఎన్నో ఉన్నాయి. ఇంటర్నెట్టులో వెతకడం ఆపి గట్టు మీదికి వెళ్లు.

జాతరకు వెదురుతో కట్టి దేవుణ్ని నిలిపి భుజాల మీద మోసుకొచ్చే ప్రభ బొమ్మ కూడా ఒకటి పంపావు కదా, నాకు అందులో ఆశ కనబడింది. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి గంగలకుర్రు ప్రభలు కౌశిక ఏటి నీళ్లలోంచి వస్తాయి. నువ్వు కుచ్చులు, గంటలు, రంగుగుడ్డల మడతలు అన్నీ గీశావు. అవి వదిలేసి వెదురు వంపు, దాని కింద నీళ్లలో మునిగిన భుజాలు మాత్రం ఉంచు. ఉత్సవమూర్తి జోలికి వెళ్లకు. దేవుడి బొమ్మ ఉన్న చొక్కాను బండకేసి బాదలేక మీ అత్తయ్య దాన్ని పెట్టెలోనే దాచింది. మరో మాట, బట్ట రంగును కూడా ఒక రంగుగా వాడుకో. ముదురు నీలం చొక్కా అయితే నీళ్లకు సిరా అక్కర్లేదు, బట్టే నీరు.

ఇక అక్షరాలు. ఇక్కడ నేను దెబ్బ తిన్నాను కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను. ఒక సంక్రాంతికి కుర్రాళ్లు 'ప్రభల తీర్థం' అని వంద చొక్కాలు అడిగారు. ఆ మాటను ఫోను నుంచి నా పాత డిజైనింగ్ సాఫ్ట్‌వేరులోకి తెచ్చి అతికించాను. అందులో తెలుగు సరిగా కలవదని తెలిసి కూడా హడావిడిలో చూసుకోలేదు. 'ప్ర' విడిపోయింది, 'ర్థం' రెండు ముక్కలైంది. ఫిల్ము తీశాను, స్క్రీను చేశాను, వందా కొట్టేశాను. ఆరేసిన చొక్కాల వరస చూసి మా పక్కింటి అయిదో తరగతి పిల్లవాడు "తాతా, ఇది తప్పు కదా" అన్నాడు. ఆ చొక్కాలు ఇప్పటికీ మా చేలో దిష్టిబొమ్మలకు పనికొస్తున్నాయి.

అందుకని యూనికోడ్ ఫాంటులోనే రాయి. వత్తులు సరిగా పడ్డాయని కాగితం మీద ఒకసారి, మరొకరి కళ్లతో ఒకసారి చూసుకున్నాక అక్షరాలను గీతలుగా మార్చి ఫైలు దాచు. మన అక్షరానికి కింద వత్తు ఉంటుంది, పైన గుడి ఉంటుంది. ఇంగ్లీషుకు వదిలినంత ఎడమే వదిలితే పై వరస వత్తు కింది వరస గుడిని పొడుస్తుంది. సన్న ఫాంటు వద్దు, అలాగని మరీ లావుదీ వద్దు. 'ఠ' లాంటి అక్షరం కడుపు సిరాతో నిండిపోతుంది. రామభద్ర, మండలి వంటి ఫాంటులు ఉచితమే, వాటితో చేసిన సరుకు అమ్ముకోవచ్చు. కానీ ఎక్కడిదో తెలియని ఫాంటును వాడకు.

బొమ్మ 12 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల పొడవు దాటనివ్వకు. 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన అది 3600, 4800 పిక్సెళ్లు. వెనక తెల్లడబ్బా లేని పీఎన్‌జీ ఫైలు ఇవ్వు. మెడపట్టీకి నాలుగు వేళ్ల కిందనే బొమ్మ మొదలవ్వాలి. కిందికి జారితే పొట్ట మీదికి వస్తుంది, మన మగవాళ్ల పొట్టలు నీకు తెలుసు కదా.

రంగుల్లో ఫోనును నమ్మకు. నీ బొమ్మలో ఆకుమడి పచ్చ తెర మీద మెరిసిపోతోంది, తెరలో వెలుగు ఉంది కనుక. సిరాలో అది చప్పబడుతుంది. ముదురు బట్ట మీద పసుపు నేరుగా వేస్తే మురికిగా కనబడుతుంది. కింద తెలుపు పూత పడాలి, అంటే ఇంకో స్క్రీను. రంగుకొక స్క్రీను లెక్క కాబట్టి రెండు రంగులతో సరిపెట్టడం నేర్చుకో.

ఒకటి రెండు చొక్కాలకే స్క్రీను కట్టడం దండగ, ముందు ఫిల్ము మీద అచ్చు వేసి వేడితో బట్టకు అతికించే డీటీఎఫ్‌లో తీయించి చూడు. అయితే దానిలో పెద్ద నిండు రంగు ముద్ద పెడితే ఛాతీ మీద ప్లాస్టిక్ కాగితం అతికించినట్టుంటుంది. మన ఉక్కకు గంటలో విప్పేస్తారు. బొమ్మలో అక్కడక్కడా బట్ట కనబడేలా ఖాళీలు వదులు. సబ్లిమేషన్, అంటే వేడికి సిరా ఆవిరై బట్టలోకి ఇంకే అచ్చు, చవక అని ఎవరో చెప్పారన్నావు. అది పాలిస్టరు మీదే పడుతుంది, ఎండాకాలంలో పాలిస్టరు ఎవరు వేసుకుంటారు? 180 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 180 గ్రాముల బరువు) నూలు బట్ట తిరుప్పూరు నుంచి తెప్పించు. యాభై కొట్టే ముందు ఒకటి కుట్టు వెనక్కి తిప్పి అయిదుసార్లు ఉతుకు. స్క్రీను అచ్చుకు వాడే ప్లాస్టిసాల్ సిరా సుమారు 160 డిగ్రీల వేడికి ఉడకాలి. ఉడకనిది పగుళ్లిస్తుంది.

సినిమా హీరో మొహం, డైలాగు, కంపెనీ గుర్తు అసలు వద్దు. ఇంకొకరు తీసిన అంతర్వేది ఫొటో మీద గీసినా అది నీది కాదు.

అమ్మే ఫొటోకు కంప్యూటరులో అతికించిన చొక్కా ఒక్కటే పెట్టకు. మీ తమ్ముడికి తొడిగి, పొద్దుటి వెలుగులో లాకుల దగ్గర నిలబెట్టి తియ్యి. అచ్చు పడ్డ చోట బట్ట నేత కనబడేంత దగ్గరగా ఇంకోటి. సైజు అంటే ఎం, ఎల్ అని రాసి ఊరుకోకు. చొక్కా పరిచి, చంక నుంచి చంకకు టేపుతో కొలిచి అంగుళాల్లో రాయి. సైజు చాలక వెనక్కి వచ్చిన చొక్కా పోస్టు ఖర్చు రెండుసార్లు తింటుంది. సంక్రాంతికి అమ్మాలనుకుంటే నవంబరు కల్లా పెట్టెయ్యి. పండక్కి ఊరొచ్చేవాళ్లు రైలు ఎక్కకముందే చొక్కా వాళ్ల చేతికి అందాలి.

పంటు బొమ్మ ఒక్క తెలుపు రంగులో తీసి వచ్చే ఆదివారం లోపల పంపు. ఫ్రేముకు కొత్త గుడ్డ బిగించి ఉంచుతాను. ముదురు నీలం చొక్కాలు రెండు నువ్వే తీసుకురా, అవతలి గట్టు మీద మీ తమ్ముణ్ని నిలబెడదాం.

మీ మామయ్య